గీకుడు, లేపుడు, గుంజుడు

కళ్ళజోడు తీసేస్తే మనుషులు మాయమవుతారు. నాకు చిన్నప్పటినుంచి తెలిసిన ఒకే ఒక్క మాయ ఇది. దూరానికి నా చూపు పనికిరాదు గానీ దగ్గరకు చాలా బాగుండేది. పుస్తకాన్ని ముక్కుకు జానెడు దూరంలో పట్టుకుంటే జోడు లేకుండానే ప్రతి అక్షరం, దాని తలకట్టుతో సహా, అప్పుడే అచ్చేసినంత స్పష్టంగా కనిపించేది. ఆ జానెడు దాటితే లోకమంతా నీళ్ళలో నానబెట్టిన రంగు గుడ్డలా ఉండేది.

లాలాగూడలోని మా చర్చిలో ఆదివారం ఆరాధనప్పుడు వేదపుస్తకంలోంచి పాఠం చదివే వంతు నెలకొకసారి నాకు వచ్చేది. నలుగురిలో పేరు చెప్పమంటేనే ఎవరి వెనకైనా దాక్కునే మనిషిని నేను. అమ్మ మిషన్ స్కూల్లో తెలుగు టీచరు కాబట్టి టీచరమ్మ కూతురు స్పష్టంగా చదువుతుందని మా పాస్టరుగారు అనుకున్నారు. మొదటిసారి ముందుకు వెళ్ళి నిలబడి తలెత్తేసరికి అన్ని ముఖాలూ నావైపే ఉన్నాయి. చేతులు ఏం చెయ్యాలో తోచక కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. అంతే, జనం పోయారు. ముందు వరుసలో కొన్ని తెల్లని మచ్చలు, పైన ఫ్యాన్ల కదలిక మాత్రం మిగిలాయి. వేదపుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి ముఖానికి దగ్గరగా పట్టుకుని చదివాను. ఆ గొంతు నాదేనంటే నాకే నమ్మకం కలగలేదు. అంత నిబ్బరంగా ఉంది.

ఆ తర్వాత ప్రతిసారీ అలాగే చదివాను. నెలంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేని నాకు ఆ కాసేపు చాలా విలువైనది. దీని రహస్యం ఎవరికీ చెప్పలేదు. అమ్మ మాత్రం ఇంటికొచ్చాక విసుక్కునేది.

“జోడు పెట్టుకుని చదవొచ్చు కదే? పుస్తకం మొహానికి అద్దుకుని చదువుతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?”

చూసేవాళ్ళు ఏమనుకున్నారో చాలా రోజుల తర్వాత తెలిసింది.

మరి ఆ మసకే నాకు అంత ఇష్టమైనప్పుడు ఆపరేషన్ మాట ఎందుకొచ్చిందంటే, ఒక వాన సాయంత్రం వల్ల. నేను తిరుమలగిరి వైపు ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తాను. హాజరు పట్టీలు, సర్టిఫికెట్లు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కంప్యూటరు. ఇల్లు సీతాఫల్‌మండిలో. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. ఆ రోజు అక్కడ గుంపులో ఎవరి గొడుగో తగిలి నా కళ్ళజోడు కింద పడింది. వంగేలోపే చెప్పుకింద పటపటమన్న చప్పుడు వినిపించింది. ఎవరి చెప్పో కూడా కనపడలేదు.

తర్వాత వచ్చిన బస్సులన్నీ నాకు ఒకటే బస్సు. ముందు రెండు వెలుగులు, వాటిపైన నంబరు ఉండాల్సిన చోట నారింజరంగు పొగ. పక్కన ఒకావిడ నిలబడి ఉన్నట్టు చీర రంగును బట్టి తెలుస్తోంది. “ఇది ఏ నంబరు బస్సండీ?” అని ఆమెను అడిగితే సరిపోయేది. ఆ మాట ఎన్నోసార్లు పెదాల దాకా వచ్చి వెనక్కి పోయింది. వాన తగ్గింది, మళ్ళీ పట్టుకుంది. చివరికి ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని నాన్నకు చేశాను. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ దిగి అప్పుడే ఇంటికి వచ్చాడట, స్కూటర్ మీద తడుస్తూ వచ్చాడు.

“ఏంది బిడ్డా, గిట్ల నిలవడ్డవ్? మన బస్సు నీ ముంగటనే ఉన్నది గద.”

“కనపడలేదు నాన్నా.”

“ఎవర్నన్న అడగరాదు?”

వెనక ఎక్కి కూర్చున్నాను. నాన్న మళ్ళీ అడగలేదు. స్కూటర్ మీద ఇంటికి వెళ్తున్నంతసేపూ ఏడుపు రాలేదు, కోపం రాలేదు, అలసట మాత్రం వచ్చింది. ముక్కుమీద ఆ రెండు గుంటలు, ఎండాకాలం చెమటకు జారడం, చలికాలం టీ తాగబోతే ఆవిరి, ప్రతి ఉదయం దిండు పక్కన తడుముకోవడం, ఇన్నేళ్ళ ఆ చిన్న చిన్న విసుగులన్నీ ఆ తడిసిన దారిలో ఒక్కసారిగా బరువెక్కాయి. ఆ వారంలోనే నాన్న సెలవు పెట్టి నన్ను పద్మారావు నగర్ దాటాక ఉన్న ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ గడ్డం ఒక గిన్నెలాంటిదాంట్లో ఆనించి ఎర్రటి వలయాల్లోకి చూడమన్నారు. రెప్పలు మూయొద్దన్నారు. తర్వాత ఒక నర్సు నా కింది రెప్పల్లో రెండు కాగితం పట్టీలు తగిలించింది. కన్నీళ్ళు ఎంత ఊరుతాయో కొలవడానికట. ఆ కాగితాలు వేలాడేసుకుని గోడవైపు చూస్తూ కూర్చున్నాను. పక్కన నాన్న నవ్వాపుకుంటున్నట్టు కుర్చీ కిర్రుమంటోంది.

నర్సు వచ్చి చూసి, “తడవనే లేదు మేడమ్,” అంది, నేనేదో హోంవర్క్ చెయ్యనట్టు.

మా అమ్మ ప్రార్థన మొదలుపెడితే రెండో మాటకే కళ్ళు తుడుచుకుంటుంది. ఆమె పక్కనే మోకాళ్ళమీద ఉండి నాకు ఒక్క చుక్కా రాకపోతే నా మనసే గట్టిదేమో అనుకునేదాన్ని. అది కళ్ళ జబ్బని ఆ రోజు తెలిసింది. కాస్త తేలికగా అనిపించిన మాట నిజం.

తర్వాత కౌన్సెలర్ గదికి పంపారు. నా వయసే ఉన్న అమ్మాయి. బల్లమీద విప్పి చూపించే ప్లాస్టిక్ కన్ను ఒకటి ఉంది. “మేడమ్, మీకు మూడు ఆప్షన్స్ ఉంటయ్,” అని మొదలుపెట్టింది. పీఆర్‌కే, లాసిక్, స్మైల్. మొదటిది పాత పద్ధతి. కంటి ముందు అద్దంలా ఉండే పొర మీద పల్చటి చర్మంలాంటిది ఉంటుందట. దాన్ని తుడిచేసి, కింద లేజరుతో చెక్కుతారు. ఆ చర్మం దానంతటదే మళ్ళీ పెరుగుతుంది. కొన్ని రోజులు నొప్పి, చూపు కుదురుకోవడానికి వారాలు. రెండోదాంట్లో ఆ పొరనే సన్నటి మూతలా కోసి పైకి లేపి, లోపల చెక్కి, మూత మళ్ళీ పెట్టేస్తారు. మర్నాటికే బాగా కనిపిస్తుంది. మూడోదాంట్లో మూత లేపడమే ఉండదు. లోపలే లేజరు ఒక చిన్న బిళ్ళను కోసి పెడుతుంది, పక్కన సన్నని గాటు పెట్టి ఆ బిళ్ళను బయటికి లాగేస్తారు.

నాన్న ప్లాస్టిక్ కన్నును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“అంటే ఒకటి గీకుడు, ఒకటి లేపుడు, ఒకటి గుంజుడు. అంతేనా బిడ్డా?”

ఆ అమ్మాయి నవ్వేసింది. “అంతే అంకుల్. నేను ఇంతసేపు చెప్పింది మీరు మూడు మాటల్ల చెప్పిన్రు.”

“లేపుడు మాత్రం నాకు నమ్మకం లేదు. మా షాపుల రేకు ఒక్కసారి లేపితే మళ్ళ మొదటి లెక్క కూసోదు.”

“ఇది రేకు కాదు అంకుల్, కన్ను. మంచిగనే కూసుంటది. ఎంతమందికి చేసిన్రో!”

“అవునా. ఏమో, నాకు ఇనుమే తెలుసు.” నాన్న కన్నును జాగ్రత్తగా బల్లమీద పెట్టేశాడు.

డాక్టరమ్మ ఆ రోజు ఏమీ తేల్చలేదు. పొర కాస్త పలచగా ఉందని, కళ్ళు పొడిబారి ఉన్నాయని, ముందు కొన్ని నెలలు చుక్కల మందు వేసుకుని రమ్మని చెప్పింది. “ఈలోగా మీరు కూడా ఆలోచించుకోండి, ఏది కావాలో,” అంది. ఆలోచించుకోమనడమే నాకు పెద్ద శిక్ష. చీర కొనడానికి వెళ్తే కూడా కొట్టువాడు మూడోది చూపించగానే మొదటిదే చాలని లేచి వచ్చేస్తాను నేను.

ఇంట్లో ఆ పేర్లే స్థిరపడ్డాయి. “ఏం తేల్చినవ్, గీకుడా గుంజుడా?” అని నాన్న టీ తాగుతూ అడిగేవాడు. అమ్మకు గుంజుడు నచ్చింది, కొత్తగా వచ్చింది కాబట్టి అదే మంచిదయ్యుంటుందని. మా స్కూల్లో లెక్కల టీచరు లేపుడు చేయించుకుందట. “నెక్స్ట్ డేనే బండి నడిపిన, తెలుసా? నువ్వేంది ఇంక సోచాయిస్తున్నవ్?” అని కనపడినప్పుడల్లా అడిగేది. ఫోనులో ఒక వీడియో చూస్తే దాని కిందే దానికి వ్యతిరేకంగా ఇంకోటి వచ్చేది. ఒకామె ఇక జన్మలో కళ్ళజోడు ముట్టనని నవ్వుతోంది, ఇంకొకామె కళ్ళలో ఇసుక పోసినట్టుందని ఏడుస్తోంది. అందరి మాటలూ డైరీలో రాసుకున్నాను. రాశాక చదివితే మరింత అలసట వచ్చింది.

నేను తెలుసుకోవాల్సింది ఒకటే. చదవగలనా? నాకున్నది అదే. అటక మీద బట్టల కింద నవలలు, నెలకొకసారి చర్చిలో ఆ కాసేపు. ఈ మాట ఎవరితోనూ అనలేకపోయాను.

ఈలోగా అమ్మ ఒక పని చేసింది. బుధవారం సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో ఎవరి మనవులు వాళ్ళు చెప్పుకుంటారు. ఒకరి కొడుకు ఉద్యోగం, ఒకరి మోకాళ్ళ నొప్పి, ఒకరి ఇంటి గొడవ, అన్నీ వరసగా వస్తాయి. అమ్మ లేచి, “మా అమ్మాయి కంటి చూపు కోసం, ఆపరేషన్ విషయంలో సరైన నడిపింపు కోసం ప్రార్థించండి,” అని అందట. అన్నాక ఆమె అలవాటు ప్రకారం ఏడ్చింది కూడా.

ఆ ఆదివారం పాస్టరుగారు ప్రసంగం చివర గొంతు తగ్గించి, “మన సంఘంలో ఒక చిన్న చెల్లెమ్మ కంటి చూపు ప్రమాదంలో ఉంది,” అన్నారు. నేను ఎవరా అని జాలిపడుతూ తల వంచుకున్నాను. నా పేరు చెప్పారు. చుట్టూ “అయ్యో” అన్న గొణుగుడు. అంతా లేచి నిలబడి నాకోసం ప్రార్థించారు. నేలలోకి కుంగిపోతే బాగుండునని నేనూ ప్రార్థించాను.

ఇన్నేళ్ళుగా పుస్తకాన్ని ముఖానికి అద్దుకుని చదవడం వాళ్ళందరూ చూస్తూనే ఉన్నారు మరి. అమ్మ ఏడుపు దానికి తోడైంది. బయట వరండాలో అందరూ చుట్టూ చేరారు. ఎప్పుడూ ముందు వరుసలో తెల్లచీరతో కూర్చునే పెద్దమ్మ ఒకామె ఉంది. ఆమె నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, తన చెయ్యి నా కళ్ళముందు పెట్టింది.

“ఇవి ఎన్ని వేళ్ళు బిడ్డా?”

“మూడు, పెద్దమ్మా.”

“అయ్యో తల్లీ, ఇంక జెర కనవడ్తున్నది. స్తోత్రం ప్రభువా!”

నాకు కళ్ళజోడు ఉంది పెద్దమ్మా, బాగానే కనపడుతుంది, అని చెప్పాలి. చెప్పలేదు. కంటిలో శుక్లం తీయించుకున్నవాళ్ళు, వాళ్ళవాళ్ళకు తీయించినవాళ్ళు, ఎవరికి వాళ్ళు ఏ పద్ధతి మంచిదో చెప్పారు. “మా మరిదికి గుంజిన్రు, మంచిగైంది.” “గుంజుడు కాదక్కా, అది లేపుడు.” మా నాన్న పెట్టిన పేర్లు అప్పటికే వరండా దాకా పాకాయి.

చివరికి పాస్టరమ్మగారు నన్ను పక్కకు తీసుకెళ్ళి ఎంతో ప్రేమగా, “కొన్నాళ్ళు నువ్వు పాఠం చదవొద్దులేమ్మా. కళ్ళకు శ్రమ. వేరే అమ్మాయికి ఇస్తాను. దేవుడు బాగుచేశాక చదువుదువు గాని,” అన్నారు.

తలూపాను. ఆ తలూపడం ఇప్పటికీ గుర్తుంది. మెడ ఎవరిదో అన్నట్టు ఊగింది.

ఇంటికొచ్చాక అమ్మతో అన్నాను, “నేను గుడ్డిదాన్ని అవుతున్నానని అందరూ అనుకుంటున్నారమ్మా.”

“అదేంటే! నేను కంటి చూపు అన్నాను గానీ గుడ్డితనం అనలేదు కదా?”

“మరి వాళ్ళకి చెప్పు.”

“ప్రార్థన చేస్తుంటే వద్దని ఎలా చెప్తామే? చేస్తే మంచిదే కదా.” కూర తరుగుతూ తలెత్తకుండా అంది, “బాగయ్యాక నువ్వే నిలబడి జోడు లేకుండా పాఠం చదివి, దేవుడు బాగుచేశాడని సాక్ష్యమిస్తావని కూడా చెప్పేశాను.”

జోడు లేకుండానే కదా ఇన్నాళ్ళూ చదివింది, అనుకున్నాను.

తర్వాతి వారం ఆ పెద్దమ్మ న్యూస్‌పేపరులో చుట్టిన ఒక బరువైన పొట్లం నా చేతుల్లో పెట్టింది. పెద్దక్షరాల వేదపుస్తకం. “నా కన్ను ఆపరేషన్ కాకముందుకు మా బిడ్డ కొనిచ్చింది. ఇప్పుడు నాకు చిన్నక్షరాలే మంచిగ కనవడ్తున్నయ్. నీకు అక్కరకొస్తది, ఉంచుకో,” అంది. ఒక్కో అక్షరం చిక్కుడుగింజంత ఉంది. తెచ్చి నవలల పక్కన పెట్టాను.

నా వంతు వచ్చిన ఆదివారాలు వేరే అమ్మాయి చదివింది. గబగబా, పొల్లులు మింగేస్తూ. నేను జోడు పెట్టుకుని కూర్చుని విన్నాను. చదివేది వినడం తప్ప వేరే పని లేని ఆ గంటల్లోనే నాకు ఒక సంగతి తట్టింది. ఆపరేషన్ వద్దనుకుంటే నా మసక నాకు మిగులుతుంది. కానీ బాగైతేనే కదా పాఠం మళ్ళీ నాకిచ్చేది. పైగా బస్టాపు అలాగే ఉంటుంది. చేయించుకుంటే పాఠం తిరిగి వస్తుంది. కానీ ఎదురుగా ముఖాలన్నీ ఉంటాయి. గీకినా, లేపినా, గుంజినా, మూడూ ఆ మసకను తీసుకుపోయేవే.

చుక్కల మందు నెలలు గడిచాయి. రెండోసారి వెళ్ళినప్పుడు కాగితం పట్టీలు కాస్త తడిశాయి. డాక్టరమ్మ కొలతలన్నీ చూసి, “ఏం ఆలోచించుకున్నారు?” అంది. నాన్న నా వైపు చూశాడు. దారంతా మనసులో అప్పజెప్పుకుంటూ వచ్చిన ప్రశ్నను బయటికి తీశాను.

“చదవడానికి ఏది మంచిదండీ?”

ఆమె నన్ను కాస్త శ్రద్ధగా చూసింది. “చివరికి మూడూ ఒక్కచోటికే తీసుకొస్తాయి, దారులే వేరు. మీ పొర పలచన కాబట్టి మూత కోసేది నేను చెయ్యను. బిళ్ళ తీసేది చెయ్యొచ్చు, కానీ మీ కొలతలకు నాకు పూర్తి ధీమా లేదు. పై చర్మం తుడిచి చేసేదైతే ధైర్యంగా చేస్తాను. కాకపోతే ఓపిక కావాలి. నొప్పి ఉంటుంది. కొన్ని వారాలు అక్షరాలు కుదురుగా కనపడవు. ఇంకో మాట. మీరిప్పుడు జోడు తీసి పుస్తకం బాగా దగ్గరగా పెట్టుకుని చదువుతారు కదా?”

“ఆఁ.”

“అది ఇక కుదరదు. అందరిలాగే కాస్త దూరంగా పట్టుకుని చదవాలి.”

నాకు తెలియకుండానే అడిగేశాను. “మళ్ళీ ఎప్పుడైనా మసగ్గా చూడాలంటే?”

“ఎందుకూ?”

నా చెవులు వేడెక్కాయి. ఆమె నవ్వి, “అలాంటప్పుడు కళ్ళు మూసుకోండి,” అంది.

బయటికొచ్చాక నాన్న స్కూటర్ స్టార్ట్ చెయ్యకుండా నిలబడ్డాడు. “తక్లీఫ్ ఎక్కువ ఉంటదట గద, గీకుడుల. వద్దనుకుంటే వద్దు బిడ్డా. కొత్త జోడు తీస్కుందాం.”

“గీకుడే చేయించుకుంటా నాన్నా.”

డాక్టరమ్మ ధైర్యంగా చేస్తానన్నది అదొక్కటే, అది మొదటి కారణం. రెండోది ఎవరికీ చెప్పలేదు. మిగతా రెండిట్లో మసక దాదాపు ఒక్కరోజులో పోతుంది. ఇందులో వారాల మీద మెల్లగా పోతుంది. ఎంతోకాలం కలిసున్న మనిషిని అలా హఠాత్తుగా పంపేయడం నాకు చేతకాదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చల్లటి చుక్కలు, కదలని రెప్పలు, పైన ఒక ఆకుపచ్చ చుక్క, వెంట్రుకలు కాలినట్టు వాసన. “అయిపోయింది,” అన్నారు. మొదలైందని అప్పుడే తెలిసింది.

తర్వాతి రోజులే కష్టం. గదికి దుప్పట్లు కట్టారు. కళ్ళలో ఎవరో ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నట్టుండేది. కొలిచే కాగితం ఇప్పుడు పెట్టాల్సింది, నిండా తడిసేది. చదవకూడదు, ఫోను చూడకూడదు. డైరీలో చూడకుండా పెద్దపెద్దగా రెండు ముక్కలు రాస్తే ఒకదానిమీద ఒకటి పడి ఏమిటో నాకే తెలియలేదు. అమ్మ సెలవు పెట్టి పక్కన కూర్చుంది. వేదపుస్తకం చదివింది, ప్రార్థన చేసింది, ఏడ్చింది. ఇక చదవడానికి ఏమీ లేదనుకున్నప్పుడు నేను ధైర్యం చేశాను.

“అటక మీద బట్టల కింద పుస్తకాలున్నాయమ్మా. నీలం అట్టది తీసి చదువు.”

కాసేపు చప్పుడు. తర్వాత దగ్గు. తర్వాత అమ్మ గొంతు. “ఇన్ని నవలలా! ఎప్పట్నించే ఇది?”

“ఇంటర్ నించి.”

“నేను తెలుగు టీచర్ని, నాకు చెప్పకుండా దాచుకుంటావా!” అంది. కోపమో కష్టమో గొంతులో తెలియలేదు. కూర్చుని చదవడం మొదలుపెట్టింది, క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు, కామా దగ్గర ఆగి, చుక్క దగ్గర ఇంకాస్త ఆగి. కొంతదూరం వెళ్ళాక గొంతు తొందరపడింది.

“అమ్మా, మధ్యలో వదిలేశావు.”

“నీకెలా తెలుసే, కళ్ళు మూసుకుని?”

“ముందే చదివాను.”

“చదివేస్తే ఇంకేం. ఆ పేజీలు నేను చదవను, నువ్వు మనసులో చదువుకో.” నిజంగానే కాసేపు ఆగింది, నేను చదువుకోవడానికి. తర్వాత పేజీ తిప్పింది.

గాయం మానేదాకా కంటికి కట్టుగా పెట్టిన లెన్సు తీసేశారు. నొప్పి తగ్గింది, దుప్పట్లు విప్పారు. కిటికీలోంచి ఎదురింటి మేడమీద ఆరేసిన బట్టల క్లిప్పులు కూడా కనిపించాయి. అందరూ సంతోషించారు. నేను మాత్రం నవల తీసి, అలవాటుగా జానెడు దూరంలో పట్టుకున్నాను. అక్షరాల స్థానంలో బూడిదరంగు గీతలు. దూరంగా జరిపితే రెండు రెండుగా. ఇంకా జరిపితే సన్నగా వణుకుతూ. కొన్ని వారాలు ఇంతేనని తెలుసు. తెలిసినా ఆ మధ్యాహ్నం మంచం మీద కూర్చుని, క్లిప్పులు చూడటం కోసం పుస్తకాలు ఇచ్చేశానా అనుకున్నాను. స్కూలుకు వెళ్ళాక కంప్యూటరులో అక్షరాలు పెద్దవి చేసుకుని పని లాగించాను. సాయంత్రానికి కణతలు పగిలిపోయేవి. ఇంటికొచ్చి గోడ చూస్తూ పడుకునేదాన్ని.

అలాంటి ఒక సాయంత్రం నవల తిరిగి పెట్టబోతే పక్కనున్న పొట్లం చేతికి తగిలింది. విప్పి ఒళ్ళో పెట్టుకుని తెరిచాను. చిక్కుడుగింజలు. వణకడం లేదు. ఒక్కో పదం ఎవరో కూడబలుక్కుంటున్నట్టు నెమ్మదిగా చదివాను. పేజీ అయ్యేసరికి చీకటి పడుతోందని, నాన్న వచ్చి లైటు వేసేదాకా తెలియలేదు.

“ఏం చదువుతున్నవ్?”

“ఏదో ఒకటి నాన్నా.”

అమ్మ ఇచ్చిన మాట సంఘం మర్చిపోలేదు. పాస్టరమ్మగారు ఫోను చేసి ఈ ఆదివారం నువ్వే చదవాలి, అందరూ అడుగుతున్నారు అన్నారు. ఇంకా అక్షరాలు కుదురుకోలేదని చెప్పొచ్చు. సరేనన్నాను. కావలసింది అదే కదా. భయపడుతున్నదీ దానికే.

ఆదివారం ఆ పెద్దక్షరాల పుస్తకాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ముందుకు వెళ్ళాను. నిలబడగానే చెయ్యి దానంతటదే కణత దగ్గరకు వెళ్ళింది. తియ్యడానికి ఏమీ లేదు. తలెత్తాను.

అందరూ ఉన్నారు. ఒక్కరు కూడా మాయం కాలేదు. చివరి వరుసలో నాన్న చేతులు కట్టుకుని కూర్చున్నాడు, ఆయన జుట్టు ఇంత పలచబడిందని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మ కొంగు అప్పుడే కళ్ళ దగ్గరుంది. నాకోసం ఎన్ని వారాలు ప్రార్థించారో వాళ్ళంతా, ఒక్కో ముఖంలో ఒక్కో ఆదుర్దా, కనుబొమ్మల ముడులతో సహా కనపడుతోంది. వరండాలో నన్ను అలసిపోయేలా చేసినవి ఈ ముఖాలే. నోరు తెరిచాను. గొంతు రాలేదు. పుస్తకం వైపు చూశాను, అక్షరాలు ఉన్నాయి. గొంతే లేదు. ఫ్యాను చప్పుడు పెద్దదైంది. ఎవరో దగ్గారు. పాస్టరుగారు కుర్చీలో కదిలారు.

ముందు వరుసలో తెల్లచీర పెద్దమ్మ మెల్లగా చెయ్యి పైకెత్తింది. గుసగుస అనుకుని అందరికీ వినపడేలా అడిగింది.

“ఎన్ని బిడ్డా?”

నోరు దానంతటదే పలికింది. “నాలుగు, పెద్దమ్మా.”

“స్తోత్రం!” అందామె. వెనకెక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత ఇంకెవరో, తర్వాత చర్చి అంతా. పాస్టరుగారు కూడా. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగేలోపే చదవడం మొదలుపెట్టాను. ఇదివరకటి నిబ్బరమైన గొంతు కాదది. మధ్యలో పీలగా అయింది, ఒకచోట వరుస తప్పి మళ్ళీ వెనక్కి వెళ్ళాను. అయినా ఆగలేదు. పేజీ తిప్పేటప్పుడు తలెత్తితే పెద్దమ్మ ఇంకా చెయ్యి దించలేదు.

పాఠం అయ్యాక వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. ఒళ్ళంతా ఎవరో పిండి ఆరేసినట్టుంది. కళ్ళు మండుతున్నాయి. సంచిలోంచి మందు తీసి చుక్కలు వేసుకున్నాను. నా మసక ఇక రాదు. నెలనెలా అన్ని ముఖాలూ ఉంటాయి, అన్నీ నావైపే. చేయించుకున్నది సరైనదేనా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

అమ్మ నా చెవి దగ్గరకు వంగి, “ఏమైందే, నొప్పిగా ఉందా?” అంది.

లేదన్నట్టు తలూపి, డాక్టరమ్మ చెప్పినట్టు కళ్ళు మూసుకున్నాను. పాట మొదలైంది. ఏ గొంతు ఏ ముఖానిదో చూడకుండానే తెలుస్తోంది.